ముందు చక్రం బేరింగ్: సుత్తితోనా, ప్రెస్‌లోనా, షోరూంలోనా?

నాతవలస దగ్గర హైవే ఎక్కి స్పీడు 60 దాటగానే ముందు చక్రం నుంచి ఒకటే మోత. పూసపాటిరేగ దాటేసరికి కారులో గొంతు పెంచి మాట్లాడుకోవాల్సి వచ్చింది. బేరింగ్ మార్పించి అప్పటికి నాలుగు నెలలే. డబ్బులు పోయినందుకు కాదు గానీ, పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి కదా, చాలా టెన్షన్ పడ్డాను.

మొదటిసారి ఇంటికి దగ్గర్లోని చిన్న గ్యారేజీలో చేయించాను. నకిల్‌ను (బేరింగ్ కూర్చునే, చక్రాన్ని మోసే లోహపు భాగం) కారు మీదే ఉంచి, పాత బేరింగ్‌ను సుత్తితో కొట్టి తీశారు, కొత్తదాన్నీ అలాగే కొట్టి దింపారు. గంటన్నరలో పని అయిపోయింది, ఖర్చూ తక్కువే. రెండోసారి విజయనగరంలోనే ప్రెస్ (భాగాలను నిదానంగా నొక్కి దింపే యంత్రం) ఉన్న ఇంకో చోటికి తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రీ పాత బేరింగ్‌ను విడదీసి రేసు, అంటే గుండ్లు దొర్లే ఉక్కు రింగు, నా చేతికిచ్చాడు. అద్దంలా ఉండాల్సిన దాని మీద, గుండ్లు ఉండే ఎడంలోనే వరసగా చిన్న చిన్న గుంటలు. గోరుతో గీస్తే తగులుతున్నాయి.

"ఏటి బాబూ ఇది! అరిగి పోలేదు, కొట్టి పోగొట్టేసినారు" అన్నాడు.

విషయం ఏమిటంటే, బేరింగ్‌ను నకిల్‌లోకి దింపేటప్పుడు బలం బయటి రేసు మీదే పడాలి. తర్వాత హబ్‌ను (చక్రాన్ని బిగించే భాగం) ఎక్కించేటప్పుడు లోపలి రేసుకు కింద ఆనిక ఉండాలి. ఇందులో ఏది తప్పినా ఆ బలమంతా గుండ్ల మీదుగా వెళ్లి రేసు మీద గుంటలు పెడుతుంది. సుత్తి దెబ్బ ఒకవైపే పడుతుంది కాబట్టి బేరింగ్ వంకరగానూ దిగుతుంది. హైడ్రాలిక్ ప్రెస్‌లో సరైన సైజు రింగు పెట్టి నొక్కితే నిదానంగా, నిటారుగా దిగుతుంది. మేస్త్రీ చెయ్యి ఎంత మంచిదైనా ఈ పనిలో సుత్తికి నా ఓటు లేదు.

అలాగని షోరూమే మేలా? వారంటీలో ఉన్న కారైతే మరో ఆలోచన వద్దు, అక్కడికే వెళ్లండి. పార్ట్ నంబరు తప్పదు, బిల్లు ఉంటుంది. వారంటీ దాటినవాళ్లకు మాత్రం లేబర్ బరువుగానే ఉంటుంది. రాజాం, పాలకొండ వైపు నుంచి వచ్చేవాళ్లకు రోజంతా పోతుంది. నకిల్ విప్పి, ప్రెస్‌లో చేసి, యాక్సిల్ నట్టును టార్క్ రెంచితో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) బిగించే బయటి గ్యారేజీ దొరికితే నేను దాన్నే ఎంచుకుంటాను. అందుకే ముందు రేటు కాదు, "ప్రెస్ ఉందా?" అని అడగండి. లేకపోయినా నకిల్ విప్పి ప్రెస్ ఉన్న లేత్ షాపుకు పట్టుకెళ్తామంటే సరే. కొన్ని కార్లకు బేరింగ్, హబ్ కలిసి ఒకే యూనిట్‌గా బోల్టులతో బిగించి ఉంటాయి. వాటికి ప్రెస్ గొడవే లేదు.

బేరింగ్ ఒక్కటే మార్చాలా, హబ్ కూడానా? పాత హబ్‌ను బయటికి లాగినప్పుడు లోపలి రేసులో సగం దానికే అతుక్కుని వస్తుంది. దాన్ని గ్రైండర్‌తో కోసేటప్పుడు హబ్ మీద గాటు పడినా, రేసు తిరిగి తిరిగి హబ్ అరిగినా, కొత్త బేరింగ్ అక్కడ గట్టిగా కూర్చోదు. హబ్ నున్నగా ఉంటే బేరింగ్ చాలు. నాకు రెండూ మార్చాల్సి వచ్చింది. రెండో పక్క మోత లేకపోతే జతగా మార్చక్కర్లేదు.

బేరింగ్ కొనేటప్పుడు బేరం వద్దు. ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ లాంటి పేర్లతో నకిలీలూ దొరుకుతాయి కాబట్టి బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. కొన్ని కార్లలో ఏబీఎస్ సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు బేరింగ్ సీల్‌లోనే ఉంటుంది. ఆ ముఖం సెన్సర్ ఉన్న వైపుకే రావాలి. తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ విప్పితే ఆ కొత్త బేరింగ్ పనికిరాకుండా పోతుంది.

ఇవన్నీ చేసే ముందు అసలు పోయింది బేరింగేనా అన్నది చూసుకోండి. రోడ్డు మారితే మోత మారుతుంటే టైరు అయ్యుండొచ్చు. కుడి వంపులో బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్‌ను అనుమానించాలి. జాకీ వేసి చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపి చూడండి. కదలిక ఉంటే బేరింగో బాల్ జాయింటో తేలేదాకా ఆ కారును సాలూరు ఘాట్ ఎక్కించకండి.

పని అయ్యాక సస్పెన్షన్ స్ట్రట్ బోల్టులు విప్పారేమో అడిగి అలైన్‌మెంట్ చూపించండి. విప్పిన యాక్సిల్ నట్టును మళ్లీ వాడకుండా కొత్తది వేయించండి. పాత బేరింగ్ కూడా అడిగి తీసుకోండి. రేసు మీద గుంటలున్నాయో, గ్రీజులో నీళ్లు చేరి తుప్పు పట్టిందో మీ కళ్లతో చూస్తేనే అది ఎందుకు పోయిందో తెలుస్తుంది.