గుడి కప్పు మీద సోలార్: సొంతానికి కొనడమా, కరెంటు కొనే ఒప్పందం (పీపీఏ) రాసుకోవడమా?

అమెరికాలో మనవాళ్లు నడిపే గుళ్లు, తెలుగు సంఘాలు, వారాంతపు బడులలో చాలా వరకు పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద గుర్తింపు పొందిన లాభాపేక్ష లేని సంస్థలే. అటువంటి సంస్థ కమిటీలో సోలార్ ప్రస్తావన వస్తే, ‘మనం ఆదాయపు పన్నే కట్టం కదా, మనకు పన్ను క్రెడిట్ ఎలా వస్తుంది?’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. సోలార్‌కు ఖర్చుపెట్టినవారికి కట్టాల్సిన పన్నులో ఇచ్చే తగ్గింపే ఈ క్రెడిట్ కనుక, ఒకప్పుడు దానికి ‘రాదు’ అన్నదే సరైన జవాబు. 2022 ఆగస్టు 16న వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఆ పరిస్థితిని మార్చింది. 2023 నుంచి, పన్ను కట్టని సంస్థ కూడా క్రెడిట్ విలువను అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ నుంచి డబ్బు రూపంలోనే తీసుకోవచ్చు. దీన్ని డైరెక్ట్ పే అంటున్నారు.

ఈ డబ్బు రావాలంటే ప్యానెళ్లు సంస్థ సొంతమై ఉండాలి. రెండు లక్షల డాలర్లు ఖర్చయ్యే వ్యవస్థకు 30 శాతం చొప్పున 60 వేల డాలర్లు వస్తాయి. ఒక మెగావాట్‌కు లోపు వ్యవస్థలకు కార్మికుల వేతనాల షరతులు వర్తించవు కనుక, సాధారణంగా గుడి కప్పు మీద పట్టేంత ప్రాజెక్టుకు పూర్తి 30 శాతం దక్కుతుంది. నిర్ణీత మేరకు అమెరికాలో తయారైన సామగ్రిని వాడితే మరో 10 శాతం కలుస్తుంది.

చిక్కంతా డబ్బు చేతికొచ్చే సమయంలో ఉంది. క్యాలెండర్ సంవత్సరాన్ని పాటించే గుడిలో 2025 మార్చిలో ప్యానెళ్లు పనిచేయడం మొదలైతే, క్రెడిట్ కోరుతూ వేసే పన్ను రిటర్ను, ఫారం 990-టి గడువు 2026 మే 15. గడువు పొడిగింపు తీసుకోకుండా ఆ రోజే దాఖలు చేసినా, డబ్బు అందేది ఆ తరువాతే. గుత్తేదారు అంతకాలం ఆగడు. ఆ 60 వేలను కమిటీ అప్పుగానో, నిల్వ నిధి నుంచో సర్దుకోవలసిందే. పైగా ఫారం వేయడానికి ముందే ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో నమోదై, ప్రతి వ్యవస్థకూ విడిగా ఒక నంబరు తెచ్చుకోవాలి. గుళ్లు, చర్చీల వంటి ఆరాధనా సంస్థలకు ఏటా ఫారం 990 అనే వివరాల పత్రం వేసే బాధ్యత లేదు కాబట్టి కొన్ని గుళ్లకు ఈ అలవాటే ఉండదు; ఆ మినహాయింపు ఇక్కడ పనికిరాదు. పొడిగింపుతో కలిపిన గడువు కూడా దాటిపోయాక ‘మరిచిపోయాం, సవరించిన రిటర్ను వేస్తాం’ అంటే చెల్లదు. కోశాధికారి మారే ఏడాది అయితే మరీ జాగ్రత్త.

విరాళాల రసీదులను కూడా ముందే ఒకసారి చూసుకోవడం మంచిది. సోలార్ కోసమే అనే షరతుతో వచ్చిన గ్రాంట్లు, క్రెడిట్ కలిపి మొత్తం ఖర్చును మించకూడదు. పై ఉదాహరణలో అలాంటి షరతుతో లక్షా 60 వేలు వస్తే, మొత్తం రెండు లక్షల 20 వేలవుతుంది; అందువల్ల క్రెడిట్ 60 వేల నుంచి 40 వేలకు తగ్గుతుంది. ఏ షరతూ లేకుండా హుండీలో పడిన డబ్బుకు ఈ లెక్క లేదు.

రెండో దారి పీపీఏ, అంటే విద్యుత్ కొనుగోలు ఒప్పందం. ప్యానెళ్లు ఒక కంపెనీవి, కప్పు మనది. ఆ కరెంటుకు యూనిట్‌కు ఇంత అన్న ధర కడితే సరిపోతుంది. మొదట పెట్టుబడి లేదు, ఫారాల బాధ లేదు, మరమ్మతులు కంపెనీవే. క్రెడిట్ కూడా కంపెనీదే. అందులో మనకు దక్కే భాగం యూనిట్ ధరలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఎంత దక్కిందో బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. కొన్ని రాష్ట్రాలు ఈ పద్ధతిని అనుమతించవు. దీన్నే అద్దె ఒప్పందంగా రాస్తే మరో సమస్య: పన్ను లేని సంస్థకు పరికరాలను అద్దెకిచ్చిన కంపెనీకి సాధారణంగా ఆ క్రెడిట్ రాదు. కాగితం మీద ‘లీజు’ అని ఉందా, ‘విద్యుత్ అమ్మకం’ అని ఉందా అన్నది సంతకానికి ముందే న్యాయవాదికి చూపించాలి.

నా అభిప్రాయంలో, సొంత భవనం, ఏడాదిన్నర సర్దుబాటుకు నిల్వ, కాగితాలు చూసుకునే ఒక బాధ్యుడు ఉన్న గుడికి సొంతానికి కొనడమే మేలు; క్రెడిట్‌తో పాటు ప్యానెళ్ల జీవితకాలమంతా వచ్చే కరెంటు కూడా భక్తులదే అవుతుంది. అయితే అయిదేళ్లలోపు ఆ వ్యవస్థను అమ్మితే క్రెడిట్‌లో కొంత వెనక్కి కట్టాలి కనుక, వేరే చోటికి మారే ఆలోచన ఉన్నవారు తొందరపడకూడదు. నిల్వ లేని చిన్న సంఘానికి పీపీఏ సరైనదే, కానీ ఏటా ధర ఎంత శాతం పెరుగుతుందో, మధ్యలో ప్యానెళ్లను కొనుక్కోవాలంటే ఏ ధరకు ఇస్తారో చదవకుండా ఇరవై ఏళ్లకు సంతకం పెట్టకూడదు.

ఏ దారిలో వెళ్లినా గడువు ఒక్కటే. 2025 జులై 4న వచ్చిన కొత్త చట్టం ప్రకారం, 2026 జులై 4 తరువాత నిర్మాణం మొదలయ్యే సోలార్ వ్యవస్థ 2027 డిసెంబరు 31 లోపు వాడుకలోకి వస్తేనే క్రెడిట్ ఉంటుంది. 2025 ముగిశాక మొదలైన ప్రాజెక్టుల్లో చైనా వంటి దేశాలతో సంబంధమున్న కంపెనీల సామగ్రి కూడా పరిమితికి లోబడి ఉండాలి. అందుచేత ప్యానెళ్లు, ఇన్వర్టర్లు ఎవరు తయారుచేశారో తెలిపే ధ్రువపత్రాన్ని ధరల పట్టికతో పాటే గుత్తేదారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి.