కారు దారికి పేవర్ బ్లాకులు తీయించి మళ్ళీ వేయించాం, ఒక వానాకాలం చూశాక రాస్తున్నా

మాది గుంటూరు జిల్లా, నల్లరేగడి నేల. గేటు నుంచి పోర్టికో దాకా 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు కారు దారి ఉంది. మూడేళ్ళ క్రితం ఒక కాంట్రాక్టరుకిచ్చి దానికి పేవర్ బ్లాకులు వేయించాం. మొదటి వానలకే టైర్లు నడిచే చోట రెండు గాడులు పడ్డాయి, రెండో ఏడాదికి ఆ గాడుల్లో నీళ్ళు నిలిచి దోమలు, సందుల్లోంచి గరిక, మొక్కల వైపున్న బ్లాకులైతే ఒక్కొక్కటే పక్కకి జరిగిపోయి వరసే చెదిరిపోయింది. ఫోన్ చేస్తే "మీ నేల మంచిది కాదండీ, మేమేం చేస్తాం" అన్నాడు. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు లేచి ఉన్న బ్లాకు అంచు తగిలి నాన్నగారు పడబోయారు. ఇక ఆగలేదు.

ఈ ఫిబ్రవరిలో మా వీధి చివర ఇంటికి పని చేసిన తాపీ మేస్త్రికి ఇచ్చాం. కంపెనీ కాదు, బోర్డు లేదు, ఆయనా ఇంకో నలుగురూ. బ్లాకులు పరిచిన రోజు ఎవరి పనైనా బాగానే కనిపిస్తుంది కాబట్టి జూలై వానలు, అక్టోబరు వానలు రెండూ చూశాకే రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను.

ఆయన వచ్చిన రోజే కొలతలు తీయకుండా ముందు నాలుగు బ్లాకులు లేపి, కింద గునపం పెట్టి వదిలేశాడు. జానెడు లోతుకి దానంతటదే దిగింది. "చూడండి సార్, ఇది ఇల్లు కట్టినప్పుడు పునాదుల్లోంచి తీసిన మట్టి, దిమ్మిస కూడా కొట్టలేదు, దీని మీదే డస్ట్ (రాతి పొడి) పోసి పరిచేశారు" అన్నాడు. నల్లరేగడి సంగతి మనకి తెలిసిందే, నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి పట్టేంత పగుళ్ళిస్తుంది. పైన ఎంత గట్టి బ్లాకు వేసినా దాంతోపాటే లేస్తుంది, దాంతోపాటే దిగుతుంది. నిజానికి మా బ్లాకుల్లో తప్పేం లేదు. 60 ఎంఎం మందం, ఎం35 గ్రేడు (అంటే కాంక్రీటు బలం), కార్ల పార్కింగుల్లాంటి తేలికపాటి రాకపోకలకి 2006 నాటి భారత ప్రమాణం ఐఎస్ 15658లో చెప్పినవీ అవే. అందుకే ఈయన కొత్తవి కొనిపించలేదు. ఉన్నవే కడిగి పేర్చి, పదమూడు వందల దాకా ఉన్నవాటిలో విరిగిన 28 మాత్రం తెప్పించాడు. కొత్త బ్లాకులు అమ్మి కమీషన్ తీసుకునే అవకాశం చేతిలో ఉండి కూడా అలా చేయడం నాకు చాలా నచ్చింది.

బ్లాకులు తీశాక ఇంకో ఎనిమిది అంగుళాలు నల్లమట్టి తవ్వి బయట పోయించారు, మూడు ట్రాక్టర్లు అయింది. దాని స్థానంలో ఎర్ర గ్రావెల్ ఒకేసారి పోయకుండా మూడంగుళాలు పోసి, నీళ్ళు చల్లి, ప్లేట్ వైబ్రేటర్ (నేలని అదిమే యంత్రం) తిప్పి, మళ్ళీ మూడంగుళాలు. రెండో వరస అయ్యాక అదే గునపం తెచ్చి నా చేతికిచ్చి "ఇప్పుడు గుచ్చండి" అన్నాడు. బలంగా పొడిస్తే ఒక అంగుళం దిగింది, చెయ్యి జలదరించింది. దాని మీద అంగుళంన్నర డస్ట్, తర్వాత బ్లాకులు. మొక్కల వైపు నాలుగంగుళాల వెడల్పున కాంక్రీటు కర్బ్ (అంచు కట్టు) పోశాడు, అది మట్టిలోనే ఉంటుంది, పైకి కనపడదు. ఇదివరకు అటువైపు బ్లాకులకి అడ్డు అనేదే లేదు, మరి జరగక ఏం చేస్తాయి? సందుల్లో సిమెంటు పాలు పోయమని మా బాబాయి పట్టుబట్టాడు, పోయినసారి అలాగే పోశారు కూడా. మేస్త్రి ఒప్పుకోలేదు, సిమెంటు పోస్తే అది పగిలి ముక్కలై లేస్తుందని, సన్నటి పొడి ఇసుక ఊడ్చి వైబ్రేటర్ తిప్పి, మళ్ళీ ఊడ్చాడు. నీళ్ళు పోయే వాటం (వాలు) పది అడుగులకి రెండంగుళాలు, లెవెల్ పైపుతో రెండుసార్లు చూసుకున్నాడు. పోర్టికో దగ్గర్నుంచి నీళ్ళు గేటు పక్కనున్న ఇంకుడు గుంతలోకి వెళ్ళేలా పెట్టాడు. మొన్న అక్టోబరులో రాత్రంతా కురిసింది, పొద్దున్నే వెళ్ళి చూస్తే గాడి లేదు, మడుగు లేదు.

రోడ్డు మీంచి గేటులోకి ఎక్కే ర్యాంపు కూడా ఈయనే చేశాడు. పాతది తొమ్మిదంగుళాల ఎత్తు మూడడుగుల్లో ఎక్కేది, కారులో నలుగురు కూర్చుంటే కింద గీసుకునేది. రోడ్డు మీదకి పొడిగించమంటే మున్సిపాలిటీ వాళ్ళు పగలగొడతారని చెప్పి, గేటు లోపలికి తీసుకుని ఆరడుగులు చేశాడు. టైర్లు జారకుండా పచ్చి కాంక్రీటు మీద గీతలు లాగుతూ మధ్యలో ఆగి, "అమ్మగారూ, ముగ్గు ఎక్కడ వేస్తారు? అక్కడ నున్నగా వదిలేస్తాను" అని అడిగాడు. ర్యాంపు మొదట్లో మూడడుగుల పట్టీ నున్నగా ఉంది, అమ్మ రోజూ అక్కడే వేస్తోంది. ఆ కాంట్రాక్టరు మూడేళ్ళ క్రితం ఈ ఇంట్లో ఎవరు ఏం చేస్తారని ఒక్క మాట అడగలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ట్రాక్టరు దొరకలేదని మధ్యలో మూడు రోజులు పని ఆగింది, ఆ మూడు రోజులూ ఇంట్లోకి వెళ్ళడానికి చెక్క పలకే దారి. కాంపౌండు గోడకి సిమెంటు చిందులు పడ్డాయి, ఎండకముందే కడగమంటే రేపు రేపు అన్నారు, మచ్చలు అలాగే ఉన్నాయి. క్యూరింగు మొత్తం మన మీదే. ర్యాంపు వాలుగా ఉంటుంది కాబట్టి కట్ట కట్టి నీళ్ళు నిలపడం కుదరదు, గోనెపట్టాలు పరిచి మూడు పూటలా తడపాలి. పది రోజులు తడిపాం, కారు మాత్రం రెండు వారాలు బయటే పెట్టాం. 38 వేలు అన్నది 43 వేలు అయింది, పాత ర్యాంపు కింద కాలువ మీది పలక విరిగి ఉండటంతో. అయితే విరిగిన పలక ఫొటో తీసి చూపించి, ఎంత పెరుగుతుందో చెప్పి, సరే అన్నాకే ముందుకెళ్ళాడు. బిల్లు ఉండదు, అన్నీ కాగితం మీద పెన్నుతోనే.

ఆగస్టులో కుళాయి దగ్గర రెండు బ్లాకులు కొంచెం దిగాయి. నాకు మళ్ళీ టెన్షన్ మొదలైంది. నాలుగుసార్లు ఫోన్ చేస్తే గానీ ఎత్తలేదు, ఎత్తాక మాత్రం ఆ వారంలోనే వచ్చాడు. ఆ రెండూ, చుట్టూ ఇంకో ఆరూ లేపి చూస్తే కుళాయి పైపు జాయింటు కారుతోంది. పైపు బిగించి, తడిసిన డస్ట్ తీసి పొడిది పోసి, మళ్ళీ పేర్చి కొట్టాడు, అరగంట పట్టింది. అదే పార్కింగ్ టైల్స్ అయితే పగలగొట్టాల్సిందే. డబ్బులివ్వబోతే తీసుకోలేదు, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. పెరటి వైపు దారి కూడా సంక్రాంతి వెళ్ళాక ఈయనకే ఇస్తున్నాం, గోడ మాత్రం ముందు ప్లాస్టిక్ పట్టాతో కప్పమని ఇప్పుడే చెప్పాను.