‘దిస్ బాయ్’, ‘యెస్ ఇట్ ఈజ్’: ఈ రెండు బీటిల్స్ పాటల్లో ఏది మేలు?

అరవైల నాటి ఇంగ్లిష్ బ్యాండ్ బీటిల్స్ నెమ్మది పాట ఒకటి చెప్పమంటే చాలామంది ‘యెస్టర్‌డే’ పేరే చెబుతారు. అది రాకముందే వాళ్లు మూడు గొంతులు కలిపి పాడిన విరహ గీతాలు రెండున్నాయి. 1963 నవంబరులో ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ రికార్డుకి రెండో వైపున ‘దిస్ బాయ్’ వచ్చింది. 1965 ఏప్రిల్‌లో ‘టికెట్ టు రైడ్’కి రెండో వైపున ‘యెస్ ఇట్ ఈజ్’ వచ్చింది. హిట్ పాట కోసం రికార్డు కొని, దాన్ని తిప్పి వేసి విన్నవాళ్లకే ఇవి దక్కాయి.

రెండూ ప్రధానంగా జాన్ లెనన్ పాటలు. నడక కూడా ఒకటే: నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి మూడేసి మాత్రలు, మన లెక్కలో తిశ్ర గతి. జాన్, బ్యాండ్‌లోని పాల్, జార్జ్ ముగ్గురూ ఒకే మాటని మూడు వేర్వేరు స్వరాల్లో పాడతారు. మధ్య చరణం జాన్ ఒక్కడే అందుకుంటాడు. ఇంత పోలిక ఉంది కాబట్టే పక్కపక్కన పెట్టి వినాలనిపిస్తుంది.

‘దిస్ బాయ్’ వినగానే మనసుకి పట్టేస్తుంది. ఇంకో అబ్బాయి వైపు వెళ్లిపోయిన అమ్మాయిని వెనక్కి రమ్మని అడుగుతున్నాడు, అంతే కథ. మూడు గొంతులూ ఎక్కడా ఒరుసుకోకుండా జారిపోతాయి. మధ్య చరణం చివర జాన్ ‘క్రై’ అన్న ఒక్క మాటని పట్టుకుని లాగుతాడు చూడండి, అక్కడ గొంతు ఇంచుమించు చీరుకుపోతుంది. అంతవరకూ మర్యాదగా బతిమాలుకున్న మనిషి ఆ మాట దగ్గర ఆగలేకపోతాడు. తర్వాత మిగతా ఇద్దరూ వచ్చి కలుస్తారు, పాట మళ్లీ నెమ్మదిస్తుంది. గాయకుడిగా జాన్ ఏమిటో తెలియాలంటే ఆ అర నిమిషం చాలు.

దానికి కాస్త గుర్తింపూ దక్కింది. 1964 ఫిబ్రవరి 16న మయామీ నుంచి ప్రసారమైన అమెరికా టీవీ కార్యక్రమం ఎడ్ సలివన్ షోలో పాడారు. అదే ఏడాది వచ్చిన వాళ్ల సినిమాలో, డ్రమ్మర్ రింగో ఒంటరిగా తిరిగే సన్నివేశానికి వాళ్ల రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ దీన్నే వాద్యసంగీతంగా మలిచారు.

సరిగ్గా ఏడాదికి, 1965 ఫిబ్రవరి 16న, లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో ‘యెస్ ఇట్ ఈజ్’ రికార్డు చేశారు. 14 టేకులు పట్టింది. దీన్ని జాన్ స్వయంగా తీసిపారేశాడు. ‘దిస్ బాయ్’నే మళ్లీ రాయబోయాననీ, అది కుదరలేదనీ 1980లో ఒక ఇంటర్వ్యూలో అన్నాడు.

ఆ మాట నేను ఒప్పుకోలేను. ఈ పాటలోని అబ్బాయి కొత్త అమ్మాయితో ఉన్నాడు. ఈ రాత్రి ఎర్ర బట్టలు వేసుకోవద్దని ఆమెని వేడుకుంటున్నాడు, ఎందుకంటే అది పాత ప్రేయసి కట్టిన రంగు. ఆవిడ వదిలి వెళ్లిందా, చనిపోయిందా, పాట చెప్పదు. ‘దిస్ బాయ్’లో అడ్డు ఇంకో మగాడు, వాడిమీద కోపమైనా పడొచ్చు. ఇక్కడ అడ్డు తన జ్ఞాపకమూ, తన పంతమూ. ఆ సంగతి తనే ఒప్పుకుంటాడు. రాసినప్పుడు జాన్‌కి ఇరవై నాలుగేళ్లు. ఎరుపు నన్ను నీలం చేస్తుందన్న చమత్కారం తెలుగులో చెబితే తేలిపోతుంది, ఇంగ్లిష్‌లో నీలం అంటే దిగులు కాబట్టి. కానీ ఎరుపంటే కుంకుమా పెళ్లీ గుర్తొచ్చే మనకి ఆ వేడుకోలు ఇంకాస్త బరువుగానే తగులుతుంది.

స్వరాల కూర్పు కూడా నున్నగా ఉండదు. మూడు గొంతులూ కొన్నిచోట్ల ఒకదాన్నొకటి గీసుకుంటాయి. తప్పు పాడారేమో అనుకుని నేను వెనక్కి తిప్పి మరీ విన్నాను. తప్పు కాదు, మాటల్లో ఉన్న ఇబ్బందే గొంతుల్లోనూ ఉంది. జార్జ్ గిటార్‌కి పెడల్ కలిపి, తీగ మీటిన చప్పుడు వినపడకుండా శబ్దాన్ని మెల్లగా పైకి తెస్తాడు. ప్రతి పలుకూ గొంతుకి అడ్డుపడి బయటికొచ్చిన ఏడుపులా ఉంటుంది.

జాన్ గొంతు కోసమైతే ‘దిస్ బాయ్’ వినాలి. ఆ మధ్య చరణానికి సాటి వచ్చేది రెండో పాటలో లేదు. మొత్తం పాటగా మాత్రం నా ఓటు ‘యెస్ ఇట్ ఈజ్’కే.

1996లో వచ్చిన ‘ఆంథాలజీ 2’ ఆల్బమ్‌లో దీని ఇంకో రూపం ఉంది. అది రెండో టేకుతో మొదలవుతుంది, జాన్ ఒక్కడే తనకోసం పాడుకుంటున్నట్టు పాడతాడు. కాసేపటికి అది 14వ టేకులోకి కలుస్తుంది, మిగతా రెండు గొంతులూ వచ్చి చేరతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చోటు వినండి.