ఆఖరి రెండు నిమిషాల కోసమైనా ఈ గేమ్ కొనొచ్చు
నెల రోజులుగా ఆడుతున్నా ఈ అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్, గ్రాఫిక్స్ పర్లేదు, కామెంటరీ కొంచెం బోర్, కానీ ఆఖరి రెండు నిమిషాలు మాత్రం సూపర్ అసలు. లీడ్‌లో ఉంటే 40 సెకన్ల ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 1కి వచ్చేదాకా ఆగి స్నాప్ చెయ్యాలి (అంటే బంతి వెనక్కిచ్చి ప్లే మొదలెట్టాలి), అవతలోళ్ళకి క్లాక్ ఆపే టైమౌట్లు అయిపోతే బంతి పట్టుకుని నేలకి మోకాలు ఆనిస్తూ టైమ్ కరిగించెయ్యొచ్చు, ఇవన్నీ ఇందులోనే నేర్చుకున్నా. 2023 సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్లో, 35-35 ఉన్నప్పుడు చీఫ్స్ టీమ్ ఆటగాడు మెకినన్ టచ్‌డౌన్ (గీత దాటి చేసే 6 పాయింట్ల స్కోర్) వదిలేసి, అవతలోళ్ళకి టైమ్ మిగలకూడదని గీతకి 2 గజాల దగ్గర కావాలనే కిందకి జారాడు కదా, తర్వాత 8 సెకన్లుండగా ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని చేసే 3 పాయింట్లు) కొట్టి గెలిచారు, నిన్న నేనూ అదే ట్రై చేశా, చేతులు వణికాయి నిజంగా! క్లాక్ ఆగిందా నడుస్తోందా చూపించే గుర్తు మాత్రం మరీ చిన్నగా ఉంది, అది పెద్దది చెయ్యండి ప్లీజ్.