క్లిన్సె-జా కొండల దారి: కారిబూ జోలికి పోకుండా చెట్విండ్‌లో రెండు రాత్రులు

కారిబూను, అంటే చలి ప్రాంతాల్లో తిరిగే పెద్ద జింకను, కళ్లారా చూడాలన్న పట్టుదలతో అయితే ఈ యాత్ర పెట్టుకోకండి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా ఈశాన్య మూలన క్లిన్సె-జా కారిబూ మందను వెస్ట్ మోబర్లీ, సోల్టో ఆదివాసులు ఈనే కాలంలో దడి కట్టి కాపాడుకుంటున్నారు. 2013లో 38కి పడిపోయిన మంద 2021కి 101 అయింది. ఆ దడి దగ్గరికి సందర్శకులను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఆ నేలను, దానికి ఏం జరిగిందో చూడటానికే వెళ్లాలి.

ప్రిన్స్ జార్జ్ నగరం నుంచి 97వ నంబరు హైవే మీద చెట్విండ్ అనే చిన్న పట్టణానికి సుమారు 300 కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడే ట్యాంకు నింపుకోండి. పైన్ పాస్ అనే కనుమ వైపు బంకులు అరుదు, ఫోన్ సిగ్నల్ చాలాసేపు ఉండదు. అక్టోబరు 1 నుంచి మంచు టైర్లు తప్పనిసరి కాబట్టి అద్దె కారుకు అవి ఉన్నాయో లేదో ముందే అడగాలి.

బసకు చెట్విండే మేలు. మోబర్లీ సరస్సు, హడ్సన్స్ హోప్ రెండింటికీ 29వ నంబరు రోడ్డు అక్కడే చీలుతుంది. డాసన్ క్రీక్‌లో ఉంటే రానూపోనూ 200 కిలోమీటర్లు అదనం. గనుల, గ్యాస్ పనివాళ్లతో మోటళ్లు నిండిపోతుంటాయి, ముందే బుక్ చేసుకోండి. శాకాహారులు పొయ్యి ఉన్న గది చూసుకుని, బియ్యం, పప్పు ప్రిన్స్ జార్జ్‌లోనే కొనుక్కుంటే ఇబ్బంది ఉండదు. వేసవిలో మోబర్లీ సరస్సు పార్కులో టెంటు వేసుకోవచ్చు. దోమలు విపరీతం. ఎలుగుబంట్ల వల్ల తిండి సామాను టెంటులో కాక కారులో పెట్టి తాళం వేయాలి.

హడ్సన్స్ హోప్ దగ్గరి బెన్నెట్ డ్యామ్ సందర్శన కేంద్రం వేసవిలోనే తెరుస్తారు. 183 మీటర్ల ఆ కట్టతో లోయ మునిగింది, కారిబూలు తిరిగే దారి తెగింది. టర్బైన్ల కన్నా, ఆదివాసులు తమ నష్టాన్ని చెప్పుకున్న ప్రదర్శనకు ఎక్కువ సమయం ఇవ్వండి.

దడి పని 2014లో మొదలైంది. మార్చిలో హెలికాప్టర్ నుంచి వల విసిరి, చూలుతో ఉన్న కారిబూలను పట్టి, మత్తిచ్చి కొండ మీదికి తెస్తారు. దడికి వాడేది నల్లటి దళసరి గుడ్డ. అవతల కదలిక కనబడితే అవి బెదిరి కంచెకు కొట్టుకుంటాయి. వెలుపల తోడేళ్లు, ఎలుగుబంట్లు రాకుండా కరెంటు తీగ. కాపలావాళ్ల మకాం అక్కడే. కారిబూల సహజమైన మేత లైకెన్, అంటే మన మసాలాలో వేసే రాతిపువ్వు జాతిదే. దాన్ని ఊరివాళ్లు చేత్తో ఏరి సంచులకెత్తుతారు. ముందు అది పెట్టి, మెల్లమెల్లగా గుళికల దాణాకు అలవాటు చేస్తారు. నెమరువేసే పశువుకు మేత ఒక్కసారిగా మారిస్తే కడుపు చెడుతుంది. దూడలు నిలదొక్కుకున్నాక, జూలై చివర్లో వదిలేస్తారు.

దడి ఒక్కటే మందను నిలబెట్టలేదు. నరికిన అడవిలో లేత చిగుళ్లకు మూస్ అనే భారీ జింక వస్తుంది, దాని వెంట తోడేళ్లు వస్తాయి. అందుకే తోడేళ్లను తగ్గించడమూ జరిగింది, ఆదివాసులకూ ప్రభుత్వాలకూ మధ్య కుదిరిన 2020 ఒప్పందంతో అడవికి రక్షణా దొరికింది.

చలికాలంలో స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, నడపాలనుకుంటే, ఆ బండ్లను రానివ్వని చోట్లు చూపే మూసివేత మ్యాపు బయల్దేరే ముందు రోజు చూసుకోండి. వెడల్పాటి గిట్టలతో లోతు మంచులో కారిబూ సులువుగా నడుస్తుంది, తోడేలు దిగబడుతుంది. బండి జాడ గట్టిపడితే మాత్రం తోడేలుకు కొండ పైదాకా బాట దొరికినట్టే.