రబ్బరా, పాలీనా, సాలిడ్డా? పాత కామారోకి ఏ ఇంజిన్ మౌంట్లు మేలు

ఇంజిన్ని ఫ్రేముకు పట్టి ఉంచే దిమ్మెలే ఇంజిన్ మౌంట్లు. వాటి మధ్య భాగం రబ్బరు కావచ్చు, పాలీ అంటే పాలీయూరిథేన్ కావచ్చు, లేదా మొత్తం లోహమే, అంటే సాలిడ్ కావచ్చు. షెవర్లే వారి పాత కామారోకో షెవెల్‌కో వీటిని మార్చబోయే వాళ్లంతా ముందుగా అడిగేది ఒకటే: "పాలీ వేస్తే బండి అదురుతుందా?" కొంచెం అదురుతుంది. అయితే నా లెక్కలో అది రెండో ప్రశ్న. మౌంటు తెగిన రోజున ఇంజిన్ ఎటు పోతుందన్నదే మొదటిది. ఇక్కడ 1967-69 కామారోని, అందులో స్మాల్‌బ్లాక్ (షెవర్లే చిన్న వీ8) ఇంజిన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆ కాలపు షెవెల్, నోవాలకూ చాలామటుకు ఇదే వర్తిస్తుంది.

ముందునుంచి చూస్తే ఈ ఇంజిన్ క్రాంక్‌షాఫ్టు గడియారం ముల్లు వైపే తిరుగుతుంది. ఎక్సలరేటర్ నొక్కగానే బ్లాకు దానికి ఎదురు దిశలో మెలితిరగబోతుంది. డ్రైవరు వైపు, అంటే అమెరికా బండి కనుక ఎడమ వైపు, పైకి లేస్తుంది. కుడి వైపు కిందికి అణుగుతుంది. ఎంత బలంతో? 1969 కామారో ఎస్‌ఎస్‌లోని 350 ఘనపు అంగుళాల ఇంజిన్‌కి కంపెనీ చెప్పిన టార్క్ (మెలితిప్పే బలం) 380 పౌండ్-ఫుట్లు. మన్సీ ఎం-20 అనే నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 2.52. గుణించి చూడండి, దాదాపు 960 పౌండ్-ఫుట్లు వస్తుంది. మొదటి గేర్లో మౌంట్లు కాచుకోవాల్సింది ఆ 960ని. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంకా ఎక్కువే. రబ్బరు నొక్కుడుకి ఏళ్లతరబడి ఓర్చుకుంటుంది, లాగుడుకి ఓర్చుకోలేదు. ముందు తెగేది ఎడమదే అవడానికి కారణం ఇదే.

ఆనాటి మౌంటు అంటే రెండు లోహపు పలకలు, మధ్యలో అతికించిన రబ్బరు, అంతే. అతుకు విడిందంటే ఇంజిన్ని ఆపేది ఇంకేమీ లేదు. ఎడమ పక్క లేచి ఎక్సలరేటర్ లింకేజీని లాగేసేది, త్రాటిల్ తెరుచుకుని అలాగే ఉండిపోయేది. 1971 డిసెంబరులో జనరల్ మోటర్స్ ఈ మౌంట్ల వల్లే కార్లూ ట్రక్కులూ కలిపి సుమారు 67 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. వాటికి వేసింది కొత్త మౌంటు కూడా కాదు, ఇంజిన్ లేవకుండా పట్టి ఉంచే ఉక్కు కేబుల్. పాత కామారో కొన్నవాళ్లు బానెట్ ఎత్తి చూస్తే కొన్నిటికి ఆ కేబుల్ ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని తీసి పారేయకండి.

అందుకే రబ్బరా పాలీనా అని తేల్చుకునే ముందు ఇంటర్‌లాకింగ్ మౌంటా కాదా అన్నది తేల్చుకోవాలి. చేతిలోకి తీసుకుని అంచులు చూడండి. ఒక పలక చెవులు రెండో పలక వెనక్కి వంగి కొక్కెంలా పట్టుకుని ఉండాలి. మధ్యలో ఉన్న రబ్బరు మొత్తం ఊడిపోయినా ఆ రెండు ముక్కలూ విడిపోకూడదు. ఫ్యాక్టరీ రూపం తు.చ. తప్పకుండా కావాలనుకునే షో కార్ల కోసం పాత పద్ధతి మౌంట్లు కూడా దొరుకుతున్నాయి. రోడ్డు మీద తిప్పే బండికి అవి వద్దు.

ఇంటర్‌లాకింగ్ రబ్బరు మౌంటు మంచి సరుకే. ఫ్యాక్టరీ క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు), ఫ్యాక్టరీ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉండి, ఆదివారాలు బయటికి తీసే బండి అయితే అదే వేయండి, అంతకంటే ఆలోచించక్కర్లేదు. దాని శత్రువులు రెండు: నూనె, వేడి. వాల్వ్ కవర్ నుంచో ఫ్యూయల్ పంపు దగ్గరనుంచో కారే ఆయిల్ నేరుగా మౌంటు మీదే పడి రబ్బరును మెత్తబరుస్తుంది. హెడ్డర్లు (ఫ్యాక్టరీ మ్యానిఫోల్డుల బదులు వేసే ఎగ్జాస్ట్ గొట్టాలు) పెట్టినవాళ్లకు వాటి సెగ తగిలి అది బీటలు తీస్తుంది. కారుడు ఆపకుండా కొత్త రబ్బరు వేయడం డబ్బు దండగ.

పాలీయూరిథేన్ గట్టిది. గట్టిదనం కొలిచే షోర్ ఏ స్కేలు మీద మామూలు మౌంటు రబ్బరు 50-60 దగ్గర ఉంటే ఇది 80 దాటుతుంది. నూనెకు చెక్కుచెదరదు. హెడ్డర్ గొట్టం మరీ ఆనుకుని ఉంటే మాత్రం ఇదీ మెత్తబడుతుంది, మధ్యలో సన్నటి రేకు అడ్డం పెట్టాలి. అదురు తెలిసేది ముఖ్యంగా ఒకచోట: ఆటోమేటిక్ బండిని డ్రైవ్‌లో ఉంచి, బ్రేకు మీద 600-700 ఆర్‌పీఎం ఐడిల్‌లో నిలబెట్టినప్పుడు. అద్దంలో బొమ్మ వణుకుతుంది. వేగం అందుకున్నాక చాలామంది తేడా గుర్తుపట్టలేరు. దానికి బదులుగా వచ్చేది తక్కువేమీ కాదు. ఇంజిన్ ఊగదు కాబట్టి ఫ్యాను దాని చుట్టూ ఉండే తొడుగుకి (ష్రౌడ్) తగలదు, హెడ్డర్లు స్టీరింగ్ షాఫ్టుకి కొట్టుకోవు. నాలుగు గేర్ల బండిలో ఇంకో లాభం ఉంది. పెడల్ నొక్కుడును క్లచ్‌కి అందించే జడ్-బార్ ఒక కొస బ్లాకుకీ రెండో కొస ఫ్రేముకీ ఉంటుంది. ఇంజిన్ లేచినప్పుడల్లా క్లచ్ సర్దుబాటు మారిపోతుంది. పాలీ మౌంట్లతో ఆ బాధ చాలావరకు తీరుతుంది. హెడ్డర్లు, కాస్త పెద్ద క్యామ్, మాన్యువల్ గేర్‌బాక్సు, ఈ మూడింట్లో ఏ రెండు ఉన్నా నా ఓటు ఇంటర్‌లాకింగ్ పాలీకే.

సాలిడ్ మౌంట్లు డ్రాగ్ స్ట్రిప్ (తిన్నని రేసు దారి) బండ్లకు. రోడ్డు మీద అవి అద్దాలు, డ్యాష్‌బోర్డు, మరలు అన్నిటినీ వదులు చేస్తాయి. ఫ్రేము మెలికపడ్డప్పుడు ఆ బలమంతా బ్లాకు మీదికి వస్తుంది. ఎడమ పక్క సాలిడ్, కుడి పక్క రబ్బరు పెట్టడం పాత రేసర్ల పద్ధతి. లాగుడు ఎడమదానిమీద, నొక్కుడు కుడిదానిమీద కాబట్టి అందులో తర్కం ఉంది. మౌంట్లకు బదులు ఇంజిన్ ముందు ముఖానికి బిగించే మోటర్ ప్లేటు సంగతి రోడ్డు బండికి అనవసరం. పెట్టి తీరాలనుకుంటే ఒక్క జాగ్రత్త: బ్లాకు ముందు ముఖంలో కుడి వైపు రంధ్రం ఒకటి ఫ్యూయల్ పంపును నడిపే కడ్డీ (పుష్‌రాడ్) దారిలోకి తెరుచుకుంటుంది. పొడుగు బోల్టు వేస్తే పుష్‌రాడ్ బిగుసుకుపోతుంది.

చాలామంది ముందు మౌంట్లు చూసుకుని గేర్‌బాక్సు మౌంటును మర్చిపోతారు. ముందు మెత్తటి రబ్బరు ఉంచి వెనక సాలిడ్ పెట్టడం అన్నిటికంటే చెడ్డ జత. ఇంజిన్ మెలితిరుగుతుంది, వెనక కొస కదలదు. ఆ మెలికంతా గేర్‌బాక్సు అల్యూమినియం కేసు మీద పడి దాని వెనక భాగం (టెయిల్ హౌసింగ్) పగులుతుంది. ముందు ఏది వేసినా వెనకది దానికంటే గట్టిగా ఉండకూడదు. ముందు పాలీ అయితే వెనక పాలీ గానీ రబ్బరు గానీ, ముందు సాలిడ్ అయినా వెనక అంతే.

కొనేముందు కొలవండి. స్మాల్‌బ్లాక్ మౌంట్లలో పొట్టి-వెడల్పు రకం ఒకటి, పొడుగు-ఇరుకు రకం ఒకటి ఉన్నాయి. యాభై ఏళ్లలో ఎవరో ఒకరు మౌంటు కూర్చునే ఫ్రేము స్టాండ్లు మార్చే ఉంటారు కనుక బండి సంవత్సరం చెప్పి కొంటే తప్పే అవకాశం ఎక్కువ. స్టాండు చెవుల మధ్య లోపలి వెడల్పు కొలిచి, దానికి సరిపోయేది తీసుకోండి. రెండు పక్కలా ఒకే కొలత రకం ఉండాలి.

బిగించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసి, ష్రౌడ్ బోల్టులు విప్పి, డిస్ట్రిబ్యూటర్ మూత వెనక ఫైర్‌వాల్‌కి ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. ఇంజిన్ ఎత్తితే ముందు పగిలేది ఆ మూతే. ఎత్తడానికి ఇంజిన్ హాయిస్ట్ ఉంటే అదే మంచిది. ఆయిల్ పాన్ కింద జాకీయే పెట్టాల్సి వస్తే వెడల్పాటి చెక్క అడ్డం వేయండి. పాన్ అడుగు లోపలికి నొక్కుకుపోతే ఆయిల్ పీల్చే పికప్ గొట్టం మూసుకుని, బేరింగులు పోయాక గానీ సంగతి తెలియదు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. ఒకటి, ఒకటిన్నర అంగుళం లేస్తే చాలు. బ్లాకుకి వెళ్లే మూడు 3/8 అంగుళాల బోల్టులు ముందు వేలితో ఎక్కించి 30-35 పౌండ్-ఫుట్లకు బిగించండి. స్టాండులోంచి పోయే పొడుగు బోల్టును మాత్రం ఇంజిన్ బరువు పూర్తిగా దిగాకే బిగించాలి. గేర్‌బాక్సు మౌంటు ఆఖరున.

అణిగిపోయిన పాత మౌంట్లు తీసేస్తే ఇంజిన్ పైకి జరుగుతుంది. ఎత్తైన ఇన్‌టేక్ మ్యానిఫోల్డు ఉంటే ఎయిర్ క్లీనర్ బానెట్‌కి తగులుతుందేమో మైనపు ముద్ద పెట్టి చూడండి. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య గ్రౌండ్ పట్టీ కూడా ఉండాలి. రబ్బరూ పాలీ రెండూ కరెంటును ఆపేస్తాయి. పట్టీ లేకపోతే స్టార్టర్ కరెంటు త్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది.

పరీక్ష ఇద్దరు చేయాలి. బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి డ్రైవ్‌లో కొద్దిగా ఎక్సలరేటర్ ఇవ్వాలి. చూసేవాళ్లు పక్కన నిలబడాలి, బండి ఎదుట నిలబడకూడదు. రబ్బరుతో ఎడమ పక్క కొద్దిగా లేస్తుంది, అంగుళం దాటితే మౌంటు పోయినట్టే. పాలీతో లేవడం కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. రివర్స్‌లోనూ ఒకసారి చూడండి. అప్పుడు లాగుడు కుడిదానిమీద పడుతుంది. వంద మైళ్లు నడిపాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి టార్క్ రెంచితో చూసుకోండి.