డీటీపీ షాపులో తెలుగు వాయిస్ టైపింగ్: ఏళ్ల తరబడి వాడాక

గుంటూరు అరండల్‌పేటలో మాది డీటీపీ షాపు, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టి అచ్చుకు పేజీలు సిద్ధం చేసే చోటు. శుభలేఖలు, కరపత్రాలు, అర్జీలు, రిటైరైన మాస్టార్లు రాసుకునే పుస్తకాలు. పనంతా తెలుగులోనే. నోటితో చెబితే అక్షరాలుగా పడే తెలుగు వాయిస్ టైపింగ్ ఫోన్లలోకి 2017లో వచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే మేం మొదలుపెట్టాం, ఇప్పటికీ రోజూ వాడుతున్నాం. అది లేని రోజులకు మళ్లీ వెళ్లమంటే వెళ్లలేను. అలాగని పూర్తిగా దాని మీదే వదిలేసే పని ఒక్కటీ లేదు.

బాగా కలిసొచ్చింది చేతిరాత పుస్తకాల్లో. పెద్దవాళ్ల రాత అంతుపట్టక ఒకప్పుడు మాటిమాటికీ ఫోన్ చేసి అడగాల్సి వచ్చేది. ఇప్పుడు మాస్టారే వచ్చి కూర్చుని తన రాత తానే చదువుతారు, మ్యాటర్ కళ్లముందే పడుతుంటుంది. వాక్యం నచ్చకపోతే అక్కడికక్కడే మార్చి చెబుతారు. వారాలు పట్టే కంపోజింగ్ రోజుల్లో అయిపోతోంది. నోటితో ‘బాద’ అన్నా తెర మీద ‘బాధ’ అనే పడుతుంది. చుట్టుపక్కల మాటల్ని బట్టి అక్కడ ఏ మాట ఉండే అవకాశం ఎక్కువో లెక్కగట్టి దాన్నే రాస్తుంది కాబట్టి.

చిక్కు కూడా సరిగ్గా అక్కడే. అరుదైన ఇంటిపేరు చెబితే దానికి దగ్గరగా వినిపించే మామూలు మాట పెట్టేస్తుంది. చేత్తో కొట్టినప్పుడు పడే తప్పు వికారంగా ఉండి ఇట్టే కంటబడేది. ఇప్పుడు పడే తప్పు అక్షరదోషం లేని మంచి తెలుగు మాట, చూపు దాని మీదుగా జారిపోతుంది. అందుకే ప్రూఫులు ఇద్దరం కూర్చుని చూస్తాం, ఒకరు అసలు ప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రింటు చూడటం. కథల పుస్తకాలైతే మరీ జాగ్రత్త. ‘ఎట్టా వస్తన్నావు’ అని పల్నాటి రైతు అంటే ‘ఎలా వస్తున్నావు’ అని దిద్దేస్తుంది. రచయిత ప్రాణం పెట్టి పట్టుకున్న యాస అది. సంభాషణలు మేం చేత్తోనే కొడతాం.

ఇక ఫాంట్ల సంగతి. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల చోట్లలో కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం అదే అక్షరంగా ఉండేలా చేసే పద్ధతి యూనికోడ్. అందులో 1991 నుంచే తెలుగుకు 128 స్థానాల సొంత జాగా ఉంది. వాయిస్ టైపింగ్ ఇచ్చేది ఆ యూనికోడ్ మ్యాటరే. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ యూనికోడ్‌కి ముందు కాలపు పద్ధతిలో నడిచేది. చివరి వెర్షన్ 7.0 వచ్చిందే 2001లో. అందులో పేజీలు పెట్టాలంటే మ్యాటర్‌ను కన్వర్టర్‌లో వేసి పాత ఫాంటులోకి మార్చాలి, ఆ తర్వాత సంయుక్తాక్షరాలన్నీ మళ్లీ చూసుకోవాలి. పుస్తకాల వరకూ యూనికోడ్‌ను నేరుగా తీసుకునే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి మారాక ఆ బాధ తప్పింది.

‘నోటితో చెబితే పడిపోతుందిగా, పేజీకి అంతెందుకండీ?’ అని పని ఇచ్చేవాళ్లు అడుగుతున్నారు. అడగడంలో న్యాయం ఉంది, కంపోజింగ్ రేటు మేం తగ్గించాం కూడా. ప్రూఫు రేటు మాత్రం విడిగా వేస్తున్నాం, తగ్గించం. ఏళ్ల తరబడి కీబోర్డు మీద తెలుగు కొట్టిన ఆపరేటర్ల కళ్లకే ఆ తప్పులు దొరుకుతాయి. ఆ నైపుణ్యానికి డబ్బు ఇవ్వకపోతే రేపు పుస్తకాలు దిద్దేవాళ్లే ఉండరు.

కొత్తగా పెట్టుకునేవాళ్లు కాలర్ మైకు కొనుక్కోండి. మన గుంటూరు ఎండలకు ఫ్యాను ఆపి చదవమని ఏ పెద్దాయనకీ చెప్పలేం, ఫోను మైకేమో ఆ హోరునంతా వింటుంది. నెట్ నెమ్మదిగా ఉన్న పూట వాయిస్ పక్కన పెట్టడం మేలు.

దస్తావేజుల మ్యాటర్ ఇప్పటికీ కీబోర్డు మీదే కొడుతున్నాం. సర్వే నంబర్లు, తండ్రుల పేర్లు, నాలుగు హద్దులు వాయిస్‌లో చెప్పనివ్వను. తూర్పు హద్దులో పొరుగు రైతు పేరు ఇంకోలా పడితే, చదవడానికి అది చక్కగానే ఉంటుంది. రిజిస్ట్రేషన్ అయిపోయాక బయటపడితే సవరణ దస్తావేజు రాయించుకుని రెండు పక్షాలూ మళ్లీ ఆఫీసు మెట్లెక్కాలి.